అరిసెలు, అనిత్యం, ఆయన మౌనం

ప్రశ్న: నా వయసు 34. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఇద్దరు పిల్లలు. సంక్రాంతికి అరిసెలు నూనెలో విచ్చిపోయాయని మా అత్తగారు ఆడపడుచుల ముందు ‘పుట్టింట్లో ఏం నేర్పారో’ అన్నారు. మావారు పక్కనే ఉండి నోరు మెదపలేదు. ఆయన నాగార్జునసాగర్‌లో రెండుసార్లు విపశ్యన అనే పది రోజుల మౌన ధ్యాన కోర్సు చేశారు. ‘అంతా అనిత్యం, కోపాన్ని గమనించి వదిలెయ్’ అంటారు. నావల్ల కావడం లేదు. రాత్రుళ్ళు నిద్ర లేదు. రోజుకి ఎన్ని గంటలు ధ్యానం చేస్తే ఈ కోపం పోతుంది?

జవాబు: గంటల లెక్క పక్కన పెట్టండమ్మా. పొద్దున గంట, సాయంత్రం గంట అని ఆ కోర్సులోనే చెప్తారు, మీవారికి తెలుసు. మీ బాధ అది కాదు.

ఉత్తరంలో అత్తగారి మీద మీరు రాసింది ఒక్క వాక్యం. మిగతాదంతా ఆయన గురించే. పాకం లేతయితే ఎవరి అరిసెలైనా విచ్చిపోతాయి, ఏ అత్తగారైనా ఓ మాట అంటుంది. మీకు నిద్ర పట్టనివ్వనిది పక్కన కూర్చున్న మనిషి మౌనం.

విపశ్యనలో మౌనం పదో రోజు పొద్దున్నే విడిచిపెడతారు. ఆ రోజే మైత్రి భావన, అంటే అందరి మేలూ కోరే ధ్యానం, నేర్పుతారు. మీవారు మైత్రిని అక్కడ వదిలేసి మౌనాన్ని ఇంటికి తెచ్చుకున్నట్టున్నారు.

బుద్ధుడు సన్యాసులకే చెప్పాడనుకుంటారు చాలామంది. రాజగృహంలో సిగాలుడనే కుర్రాడు పొద్దున్నే తడిబట్టలతో ఆరు దిక్కులకీ దణ్ణం పెడుతుంటే, తూర్పంటే తల్లిదండ్రులు, పడమరంటే భార్య అని ఆయన విడమరిచి చెప్పాడు. భార్యకి భర్త చేయాల్సినవి ఐదన్నాడు: గౌరవించడం, చులకన చేయకపోవడం, పరాయి స్త్రీ జోలికి పోకపోవడం, ఇంటి పెత్తనం ఆమెకివ్వడం, నగలు పెట్టడం. (నగల దగ్గర నేనూ నవ్వుకున్నాను.) నలుగురిలో భార్యని తక్కువ చేస్తుంటే చూస్తూ కూర్చోవడం చులకన కాక మరేమిటి? తల్లిని ఎదిరించమని నేను అనను. కానీ తూర్పుకి దణ్ణం పెట్టి పడమరకి వీపు చూపిస్తే ఎలా?

ఉపేక్షకి, అంటే దేనికీ చలించని సమభావానికి, దగ్గరి శత్రువు ఒకటుందని బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు ‘విశుద్ధిమార్గం’లో రాశాడు. అదేమిటంటే, ఏమీ పట్టనితనం. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. మీవారిది ఏదో తేల్చడం కష్టం కాదు. ఆ మాటే ఎవరైనా వాళ్ళమ్మని అంటే ఆయన అనిత్యం అని ఊరుకుంటారా?

ఇక మీ సంగతి. ఒక బాణం తగిలినవాడు ఏడుస్తూ రెండో బాణం కూడా తగిలించుకుంటాడన్నాడు బుద్ధుడు. అరిసెల మాట మొదటిది. ‘అప్పుడే ఇలా అనాల్సింది’ అని అర్ధరాత్రి దాకా నెమరేయడం రెండోది, అది మీ చేతిలోనే ఉంది. అలా మొదలవగానే లేచి కూర్చుని కాసేపు ఊపిరిని గమనించండి. కోపాన్ని చంపడానికి మాత్రం కూర్చోకండి. మీకు న్యాయంగా రావాల్సిన కోపమే వచ్చింది.

ఆయన సాయంత్రం ధ్యానం ముగించి లేచేలోపు ఎదురుగా కూర్చోండి. ఏడవకుండా, పాత లెక్కలు తీయకుండా, ‘ఇంకోసారి అలా జరిగితే అక్కడే, అప్పుడే, అమ్మా ఆ మాట వద్దు అనండి’ అని అడగండి. ఆ రోజుకి అంతే చాలు.

వెళ్ళాలనిపిస్తే వేసవి సెలవుల్లో మీరూ ఆ కోర్సుకి వెళ్ళండి. పది రోజులు పిల్లల్ని ఎవరు చూస్తారంటారా? ఆయన రెండుసార్లు వెళ్ళినప్పుడు ఎవరు చూశారో ఆయన్నే అడగండి.