బొగత నీళ్లు పాలధార లెక్క రావాలంటే డీఎస్ఎల్ఆర్ కొనాల్నా?

"అన్నా, మొన్న ఆదివారం బొగత జలపాతం చూడ పోయినం. కండ్లతోని చూస్తే పాలు పోసినట్టుంది, ఫోన్ల చూస్తే నీళ్లు గాజు పెంకులు పగిలినట్టు వచ్చినయ్. ఇన్‌స్టాల వేరేటోళ్లవి మాత్రం పట్టుచీర ఆరేసినట్టుంటయ్. పెద్ద డీఎస్ఎల్ఆర్ కెమెరా కొనమంటరా?" - హన్మకొండ పాఠకుడు

వద్దు తమ్మీ, పైసలు దాచుకో. నీళ్లు అట్ల మెత్తగ రావాలంటే షటర్, అంటే కెమెరాలకు వెలుతురు వచ్చే తలుపు, పావు సెకనన్నా తెరిచి ఉండాలె. యూట్యూబ్‌ల అందరు ప్రో మోడ్ (సెట్టింగులు మనమే మార్చుకునేది) పెట్టి షటర్ స్పీడ్ తగ్గించుమని ఒకటే చెప్తరు, తీరా పొయ్యి పెడితే ఫోటో సున్నం కొట్టిన గోడ అయితది, ఎందుకంటే చాలా ఫోన్లల్ల లెన్స్ ఎపర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, ఫిక్స్‌డ్, చిన్నగ చేసుకునే వీలే లేదు. జర లెక్క చూడు: మంచి ఎండల ఎఫ్ 1.8 (అంటే పెద్ద రంధ్రం) లెన్స్‌కి ఐఎస్ఓ, అంటే వెలుతురును పట్టే సున్నితం, 50కి తగ్గించి పెట్టినా సరిపోయే షటర్ సెకన్ల 4000వ వంతు దగ్గరుంటది. నువ్వు పావు సెకన్ పెట్టినవంటే వెయ్యి రెట్ల వెలుతురు లోపలికి తోలినట్టు! అందుకే ఎండల తీసేటోళ్లు వెలుతురును వెయ్యో వంతుకు తగ్గించే ఎన్‌డీ 1000 అనే నల్లద్దం క్లిప్పు పెట్టుకుంటరు, బాగ మబ్బు పట్టిన రోజైతే ఎన్‌డీ 64 చాలు.

అది గూడ కొనకుంట అయ్యే పని ఉంది. ఐఫోన్ అయితే లైవ్ ఫోటో ఆన్ చేసి తియ్, తర్వాత ఫోటో తెరిచి పైన ఎడమ పక్క లైవ్ అని ఉన్నకాడ నొక్కితే లాంగ్ ఎక్స్‌పోజర్ వస్తది. గూగుల్ పిక్సెల్ ఫోన్లల్ల 6 నుంచి కెమెరాలనే ఆ మోడ్ ఉంది. ఇవి చాలా ఫ్రేములు తీసి కలిపేస్తయ్, అందుకే తెల్లగ పోదు. ఫోన్ మాత్రం కదలొద్దు, బ్యాగుకు ఆనిచ్చి 3 సెకన్ల టైమర్ పెట్టు. తడి రాయి మీద మాత్రం పెట్టకు, నేను పెట్టిన, జారి రెండు బండల సందుల పడ్డది, కట్టెపుల్లతోని అరగంట గెలికి తీసిన, ఫోటో మాత్రం రాలే.

ఇంకోటి, జూమ్ 0.5 పెట్టకు. బొగత వెడల్పు జలపాతం, అల్ట్రావైడ్‌ల పెడితే మోరీల నీళ్లంత కనపడ్తది. వెనక్కి వచ్చి 2 లేదా 3 జూమ్ పెట్టి, ఫెన్సింగ్ ఇవతల నిలబడ్డ మనిషిని ఒక మూలకు తీసుకో, అప్పుడు తెలుస్తది దాని సైజు.

"భూపాలపల్లి జిల్లా పాండవుల గుట్టల బండల మీది పాత రంగు బొమ్మలు ఫోన్ల అస్సలు పడ్తలేవు సార్, ఫ్లాష్ కొట్టినా అంతే." - కరీంనగర్ పాఠకురాలు

ఫ్లాష్ కొడితే బండ మెరుస్తది, రంగు కనపడదమ్మా. కొందరు నీళ్లు సల్లితే బొమ్మ తేలుతదని సల్లుతరు, ఆ పని అస్సలు చేయొద్దు, వేల ఏండ్ల రంగు అది, మన వాటర్ బాటిల్‌తోని పోవాల్నా? ఫ్లాష్ బంద్ చేసి, నీడల ఉన్న బండ మీద నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేయుండ్రి, లేకపోతే వెనకున్న ఆకాశం చూసి ఫోన్ బొమ్మను చీకటి చేస్తది.

అసలు మజా ఇంటికొచ్చినంక. డీస్ట్రెచ్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, రాతి చిత్రాల మీద పనిచేసేటోళ్లు వాడేది, ఫోన్ యాప్‌గ గూడ దొరుకుతది. కంటికి ఒక్కతీరే కనపడే ఎరుపు, గోధుమ రంగుల నడుమ తేడాను సాగదీసి చూపిస్తది, ఖాళీ బండ అనుకున్నకాడ జంతువు కాళ్లు బయటపడొచ్చు. ఒరిజినల్ ఫైలే వాడాలె. ఫ్రెండ్ తీసిందైతే వాట్సాప్‌ల డాక్యుమెంట్ లెక్క పంపుమనుండ్రి, మామూలుగ పంపితే నొక్కి నొక్కి చిన్నది చేస్తది.

"ఏసీ కార్ల నుంచి దిగంగనే ఫోటోలన్నీ పొగపొగ. లెన్స్ పాడైందా?" - భూపాలపల్లి

లేదు, సల్లటి అద్దం మీద వానకాలం గాలిల తేమ పట్టింది. తుడిస్తే మళ్ల పడ్తది. చేరే 10 నిమిషాల ముందే ఏసీ బంద్ చేసి అద్దాలు దించుండ్రి.