లినక్స్‌లో తెలుగు ఫాంట్లు: ఏవి వేసుకోవాలి, ఎక్కడ తేడా కొడుతుంది?

ప్రశ్న: గవర్నర్‌పేటలో చిన్న డీటీపీ షాపు నడుపుతున్నాను. కంప్యూటర్లన్నీ లినక్స్ మింట్‌కు మార్చాను. శుభలేఖలకు, ఫ్లెక్సీలకు పనికొచ్చే మంచి ఉచిత తెలుగు ఫాంట్లు చెప్పండి. వాటితో వ్యాపారం చేస్తే తర్వాత ఎవరైనా డబ్బులు అడుగుతారా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఎవరూ అడగరు, లైసెన్సు సరైనదైతే. ఫాంటుతో పాటు వచ్చే ఫైల్లో ‘ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్’ అని ఉందేమో చూసుకోండి. ఉంటే కార్డులు, ఫ్లెక్సీలు, పుస్తకాలు ఏవి వేసి అమ్ముకున్నా అభ్యంతరం లేదు. ఫాంటును మాత్రమే విడిగా అమ్మకూడదు, అంతే. పేరు తెలియని సైట్లో ‘ఫ్రీ’ అని కనిపించేవాటిలో చాలావాటికి ఆ ఫైలే ఉండదు. అలాంటివి షాపు కంప్యూటర్లో పెట్టొద్దు.

మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ‘ఫాంట్స్ తెలుగువిజయం’ అనే ప్యాకేజీ వెతికి ఇన్‌స్టాల్ చేయండి. రామభద్ర, మల్లన్న, ఎన్టీఆర్, సూరన్న, గిడుగు, ధూర్జటి లాంటివన్నీ ఒకేసారి వచ్చేస్తాయి. కృష్ణా జిల్లా నేత మండలి వెంకటకృష్ణారావు పేరు పెట్టిన ‘మండలి’ కూడా అందులోదే. పోతన, వేమన ఫాంట్లు కావాలంటే ‘ఫాంట్స్ తెలు ఎక్స్‌ట్రా’ ప్యాకేజీ వేసుకోవాలి.

వీటిలో చాలావాటికి ఒక్కటే మందం. రామభద్రను ఎంచుకుని ‘బి’ నొక్కారంటే సాఫ్ట్‌వేర్ దానికి అసలు బోల్డ్ లేక గీతల్నే ఉబ్బించి చూపిస్తుంది. ‘ఘ’, ‘ఋ’ లాంటి అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోతాయి. స్క్రీన్ మీద బాగానే అనిపించి, ప్రింటులో ముద్దగా వస్తుంది. రామభద్ర తయారైందే శీర్షికలకు. దాన్ని ఉన్నది ఉన్నట్టు వాడాలి, బోల్డ్ జోలికి పోకూడదు.

పది మందాలు, పది సైజులు కలిపి వాడే పనికి గూగుల్ ఫాంట్స్ నుంచి మూడు దించుకోండి. హింద్ గుంటూరులో లైట్ నుంచి బోల్డ్ దాకా నిజంగా గీసిన అయిదు మందాలున్నాయి. ఇండియన్ టైప్ ఫౌండ్రీ వాళ్లు ఈ కుటుంబంలో ఒక్కో లిపికి ఒక్కో ఊరి పేరు పెట్టారు: బెంగాలీకి సిలిగురి, గుజరాతీకి వడోదర, తెలుగుకు గుంటూరు. పక్క ఊరికి దక్కిందని బెజవాడ వాళ్లు అలగక్కర్లేదు, ఫాంటు బాగుంది. రెండోది నోటో సెరిఫ్ తెలుగు. శుభలేఖలో చిన్న అక్షరాలకు, పుస్తకాలకు బాగుంటుంది. మూడోది ఎక్ టైప్ వాళ్ల అనేక్ తెలుగు. ఇది మందంలోనే కాదు, వెడల్పులోనూ మారుతుంది. ఫ్లెక్సీలో నాయకుడి పేరు పొడుగైపోయి బాక్సులో పట్టనప్పుడు అక్షరాల్ని అడ్డంగా నొక్కేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. అలా నొక్కితే నిలువు గీతలు సన్నబడి, అడ్డ గీతలు మందంగానే మిగిలిపోతాయి. దాని బదులు అనేక్‌లోని కండెన్స్‌డ్ (ఇరుకు) రకం వాడండి.

నోటో, అనేక్ జిప్‌లలో ‘వేరియబుల్’ ఫైలూ (అన్ని మందాలూ ఒకే ఫైల్లో), ‘స్టాటిక్’ ఫోల్డరూ (ఒక్కో మందానికి ఒక్కో ఫైలు) ఉంటాయి. రెండూ వేస్తే మెనూలో పేర్లు కలగాపులగమవుతాయి. స్టాటిక్ ఒక్కటే చాలు. హోమ్ ఫోల్డర్లో కంట్రోల్ హెచ్ నొక్కి, దాగి ఉన్న ‘.లోకల్’ తెరిచి, అందులో ‘షేర్’, దాని లోపల ‘ఫాంట్స్’ ఫోల్డర్లో ఆ ఫైళ్లు వేయండి. ఫాంట్స్ ఫోల్డర్ లేకపోతే మీరే సృష్టించండి, పేరు ఇంగ్లిష్ చిన్న బడి అక్షరాల్లో ‘fonts’ అనే ఉండాలి. తెరిచి ఉన్న ప్రోగ్రాము కొత్త ఫాంటును వెంటనే గుర్తించకపోవచ్చు, ఒకసారి మూసి తెరవండి.

ఫ్లెక్సీ వేసే చోట మీ ఫాంటు ఉండదు కాబట్టి డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో పాత్ మెనూలోని ‘ఆబ్జెక్ట్ టు పాత్’ కొట్టి, అక్షరాల్ని బొమ్మలుగా మార్చి పంపండి. తర్వాత అక్షరదోషం దిద్దాలంటే కుదరదు, మార్చకముందే ఒక కాపీ దాచుకోండి. కొన్ని ఫాంట్లతో బోర్డర్ వేసినప్పుడు అక్షరం మధ్యలో అడ్డగీతలు కనబడితే గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నట్టు. పాత్ మెనూలో ‘యూనియన్’ నొక్కితే కలిసిపోతాయి.

ప్రశ్న: మా కోచింగ్ సెంటర్లో విండోస్‌లో గౌతమి ఫాంటుతో చేసిన ప్రశ్నపత్రాలను లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే పేజీలు జరిగిపోతున్నాయి, కింది వత్తులు తెగిపోతున్నాయి. మంచి ఫాంటు వేస్తే సరిపోతుందా? – ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులు. గౌతమి మైక్రోసాఫ్ట్ సొత్తు, లినక్స్‌తో రాదు. అది లేనప్పుడు లిబ్రేఆఫీస్ తనకు తోచిన ఫాంటు పెడుతుంది, దాని కొలతలు వేరు కాబట్టి పేజీలు జరుగుతాయి. టూల్స్, ఆప్షన్స్, లిబ్రేఆఫీస్, ఫాంట్స్‌లోకి వెళ్లి రీప్లేస్‌మెంట్ టేబుల్‌కు టిక్కు పెట్టండి. గౌతమికి బదులు నోటో సాన్స్ తెలుగు అని చేర్చి, ‘ఆల్వేస్’ గడి కూడా టిక్కు చేయండి. పేజీలు పాత ఫైల్లో ఉన్నట్టే కచ్చితంగా రావు గానీ, ప్రతి ఫైలూ ఒకే తీరులో కనబడుతుంది, సర్దుకోవడం తేలిక.

వత్తులు తెగడానికి సాధారణంగా ఫాంటు కారణం కాదు. వర్డ్‌లో లైన్ స్పేసింగ్ ‘ఎగ్జాక్ట్లీ’ అని పెట్టి ఉంటారు. ఇంగ్లిష్‌కు చాలిన ఆ ఎత్తు మన ‘స్త్ర్య’కు, ‘క్ష్మి’కి చాలదు. లిబ్రేఆఫీస్ పేరాగ్రాఫ్ సెట్టింగులో అదే ‘ఫిక్స్‌డ్’ అని కనిపిస్తుంది, దాన్ని తీసేసి ‘ప్రపోర్షనల్’ 110 శాతం పెట్టి చూడండి. టేబుల్ గడుల్లో అయితే వరుస ఎత్తు కూడా ‘ఫిట్ టు సైజ్’ ఉండాలి.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ తప్పక ఎదురవుతుంది. స్టైల్‌లో సైజు 14 చేసినా తెలుగు 12లోనే ఉండిపోతుంది. లిబ్రేఆఫీస్ మన లిపిని ‘కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్’ కింద వేరే లెక్క కడుతుంది. అక్కడి ఫాంటు, సైజు విడిగా మార్చాలి. ప్రింటింగుకు ఇచ్చేటప్పుడు డాక్యుమెంటు బదులు పీడీఎఫ్ ఇవ్వండి, ఫాంటు అందులోనే చేరిపోతుంది.

ప్రశ్న: పాత అను ఫైళ్లు లినక్స్‌లో పిచ్చి గుర్తులుగా కనిపిస్తున్నాయి. ఏ ఫాంటు వేయాలి? – ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ఏ యూనికోడ్ (తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలున్న పద్ధతి) ఫాంటు వేసినా మారవు. అను ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టుకున్నవి, ఫైల్లో నిజంగా ఉన్నవి ఆ పిచ్చి గుర్తులే. కన్వర్టర్‌తో యూనికోడ్‌కు మార్చి, ఒకసారి ప్రూఫు చూసుకోవాలి. అంకెలు, కొటేషన్ గుర్తులు, జంట వత్తులు ఎక్కువగా చెడిపోతాయి. లోక్‌సభ లాంటి మాటల్లో పొల్లు పోయి ‘లోక్సభ’ అయిపోతుంది, వాటిని వెతికి దిద్దండి. పేజీలు కట్టడానికి స్క్రైబస్ 1.6 తీసుకోండి. పాత 1.4లో తెలుగు వత్తులు విడిపోయేవి. ‘యాపిల్’ అనే తెలుగు కీబోర్డు అమరిక అలవాటైన ఆపరేటర్లకు లినక్స్ టైపింగ్ సాధనం ఐబస్ ఎం17ఎన్‌లో తెలుగు యాపిల్ లేఅవుట్ ఉంది, వేళ్లకు కొత్తగా నేర్పక్కర్లేదు.