పాఠకుల ప్రశ్నలు: గీతలు నిండుగా ఉన్నా నెట్ ఎందుకు కదలదు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఫిర్యాదు చుట్టూ తిరిగాయి. ఫోను తెర మీదనో, కొన్న డబ్బా మీదనో ఒక అంకె కనిపిస్తుంది, వాడి చూస్తే అనుభవం మరోలా ఉంటుంది. అటువంటి ప్రశ్నలనే ఏరి ఇక్కడ జవాబులిస్తున్నాను.

ప్రశ్న: మా ఇంట్లో ఫోను పైఅంచున సిగ్నల్ గీతలు ఎప్పుడూ నిండుగానే ఉంటాయి, పక్కన 5జీ అని కూడా కనిపిస్తుంది. అయినా సాయంత్రం ఏడు దాటాక వీడియో పెడితే చక్రం తిరుగుతూనే ఉంటుంది. తెల్లవారుజామున అదే గదిలో, అదే ఫోనులో ఇబ్బంది లేకుండా వస్తుంది. తప్పు ఫోనుదా, నెట్‌వర్క్‌దా? (ఒక గృహిణి)

జవాబు: తప్పు ఫోనుది కాదని మీ ఉత్తరమే చెబుతోంది. ఫోనులో లోపం ఉంటే అది వేళ చూసుకుని రాదు కదా! గీతలు తెలిపేది ఒక్కటే: టవర్ నుంచి వచ్చే రేడియో తరంగం మీ ఫోనుకు ఎంత బలంగా అందుతోందన్నది. ఆ టవర్ మీద అదే క్షణంలో ఇంకెంతమంది ఆధారపడి ఉన్నారో అవి చెప్పవు. టవర్ తన చుట్టూ ఉన్న ప్రాంతాన్ని సాధారణంగా మూడు భాగాలుగా చేసుకుని, ఒక్కో భాగానికి ఉన్న స్పెక్ట్రమ్‌ను, అంటే రేడియో తరంగాల వాటాను, అక్కడి ఫోన్లన్నింటికీ క్షణక్షణం పంచుతూ ఉంటుంది. అందరూ ఇళ్లకు చేరి ఒకేసారి వీడియోలు తెరిచే వేళకు ఒక్కొక్కరి వాటా చిక్కిపోతుంది. తరంగం బలం తగ్గదు కనుక గీతలు మాత్రం చెక్కుచెదరవు.

అసలు ఆ గీతలకు అందరికీ ఉమ్మడిగా ఒక కొలమానం ఉందనుకోవడమే పొరపాటు. ఎంత సిగ్నల్‌కు ఎన్ని గీతలు చూపాలో ఫోను తయారుచేసే కంపెనీయే నిర్ణయించుకుంటుంది. 2010లో ఐఫోన్ 4 మీద సిగ్నల్ పడిపోతోందన్న గగ్గోలు రేగినప్పుడు, గీతలను లెక్కగట్టే తమ సూత్రమే తప్పని, చాలా సందర్భాల్లో ఉండవలసిన దానికన్నా రెండు గీతలు ఎక్కువ చూపుతోందని ఆపిల్ స్వయంగా ఒప్పుకుంది. గీతలను మరీ గట్టిగా నమ్మేవారికి నేను ఈ సంగతి గుర్తుచేస్తూ ఉంటాను.

సరైన అంకె కావాలంటే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోని ‘ఫోన్ గురించి’ అనే భాగంలో సిమ్ వివరాలు తెరవండి. సిగ్నల్ బలం డీబీఎం అనే కొలమానంలో, మైనస్ గుర్తుతో కనిపిస్తుంది. మైనస్ 85 అంటే బాగున్నట్టు, మైనస్ 115 అంటే కొనఊపిరితో ఉన్నట్టు. ఈ కొలతలో పది తగ్గితే బలం పదో వంతుకు పడిపోతుంది కనుక, ఆ రెండింటి మధ్య తేడా అక్షరాలా వెయ్యి రెట్లు. తెర మీద అది రెండు మూడు గీతల తేడాగానే కనిపిస్తుంది.

ఇక 5జీ అన్న అక్షరం సంగతి. చాలా నెట్‌వర్క్‌లలో 5జీ ఇప్పటికీ 4జీని ఊతగా చేసుకునే నడుస్తోంది. కొన్నిచోట్ల ఆ ప్రాంతంలో 5జీ అందుబాటులో ఉందన్న మాత్రానికే, డేటా నిజానికి 4జీ మీద వస్తున్నా, ఆ గుర్తు వెలుగుతుంది. పైగా 5జీ ఎక్కువగా వాడే 3,500 మెగాహెర్ట్జ్ ప్రాంతపు తరంగాలు వేగాన్ని మోయగలవు గాని, 700 మెగాహెర్ట్జ్ తరంగాల్లా గోడలు దాటి దూరం పోలేవు. సాయంత్రం వేళ ఒక నాలుగు రోజులు ఫోనును 4జీకే పరిమితం చేసి చూడండి. రద్దీ లేని బ్యాండ్ (తరంగాల శ్రేణి) దొరికితే వీడియో కదులుతుంది. అప్పటికీ కదలకపోతే, ఏ వేళ, ఎక్కడ, ఎంత వేగం వచ్చిందో రాసుకుని సర్వీసు కంపెనీకి ఫిర్యాదు చేయండి. ‘నెట్ రావడం లేదు’ అన్న ఒక్క ముక్కకు ‘ఫోను ఆఫ్ చేసి ఆన్ చేయండి’ అన్నదే సమాధానంగా వస్తుంది.

ప్రశ్న: ఫోను పూర్తిగా ఆరిపోయాకే ఛార్జింగ్ పెట్టాలని మా నాన్నగారు అంటారు. అన్నయ్య 80 శాతం దాటనివ్వడు. రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంచితే పేలిపోతుందని మా పిన్ని భయపెడుతుంది. వీరిలో ఎవరి మాట వినాలి? (ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని)

జవాబు: నాన్నగారిని తీసిపారేయకండి, వారి మాట వారి కాలానికి సరైనదే. అప్పటి నికెల్ కాడ్మియం బ్యాటరీలను పూర్తిగా వాడకుండా మళ్లీమళ్లీ ఛార్జ్ చేస్తే, అవి తమ పూర్తి సామర్థ్యం మరిచిపోయినట్టు ప్రవర్తించేవి. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్‌లోకి తెచ్చాక ఆ బెడద లేకుండా పోయింది. ఈ బ్యాటరీకి బాటలు వేసిన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. బ్యాటరీ మారినా దాని గురించిన హితవు మాత్రం ఇళ్లలో మారలేదు.

లిథియం అయాన్‌కు రెండు కొసలూ గిట్టవు. సున్నా దగ్గర ఎండగట్టడమూ, నూరు దగ్గర గంటల తరబడి నిలబెట్టడమూ దాన్ని త్వరగా ముసలిదాన్ని చేస్తాయి. ఆ లెక్కన మీ అన్నయ్య పద్ధతి మంచిదే. అయితే 81 కాగానే పరుగెత్తి వైరు పీకేటంత నిష్ఠ అవసరం లేదు. ఎక్కువ ఫోన్లలో ఇప్పుడు 80 దగ్గర ఆపమని సెట్టింగ్‌లోనే చెప్పవచ్చు, లేదా మీరు నిద్రలేచే వేళకు నూరు అయ్యేలా ఫోనే నెమ్మదించుకుంటుంది. పిన్నిగారి భయం విషయానికొస్తే, బ్యాటరీ నిండగానే ఛార్జింగ్‌ను ఆపే ఏర్పాటు ఫోను లోపలే ఉంటుంది. కనుక మంచి ఛార్జర్‌తో, బల్ల మీద రాత్రంతా ఉంచినంత మాత్రాన ఫోను పేలిపోదు. దిండు కింద ఉంచడం మాత్రం వేరే సంగతి.

బ్యాటరీకి అసలు శత్రువు వేడి. నా పాత ఫోను ఒకటి మూడేళ్ల పాటు దిండుకీ పరుపుకీ మధ్య ఛార్జింగ్‌లోనే నిద్రపోయేది. ఒకరోజు బల్ల మీద పెట్టి వేలితో తోస్తే బొంగరంలా గిర్రున తిరిగింది. వంగి చూస్తే వెనక మూత నడుమ ఉబ్బి ఉంది, తెర అంచున గోరు పట్టేంత సందు విచ్చుకుంది. బ్యాటరీ లోపల వాయువు పుట్టి ఉబ్బినప్పుడు జరిగేది ఇదే. అటువంటి ఫోనును నొక్కకూడదు, గుచ్చకూడదు, మళ్లీ ఛార్జ్ చేయకూడదు. ఆపివేసి, పని తెలిసినవారి చేత బ్యాటరీ తీయించాలి. ఆ తరువాత నుంచి నా ఫోను బల్ల మీదే పడుకుంటోంది.

ఛార్జింగ్ సైకిల్ అన్న మాట కూడా మీ చెవిన పడే ఉంటుంది. బ్యాటరీని మొత్తం నూరు శాతం మేర వాడితే ఒక సైకిల్. ఈ రోజు సగం, రేపు సగం వాడితే రెండూ కలిపి ఒక సైకిల్ అవుతుంది గాని, వైరు పెట్టిన ప్రతిసారీ ఒకటి కాదు. 800 సైకిళ్ల తరువాత కూడా బ్యాటరీలో తొలి సామర్థ్యంలో 80 శాతమైనా మిగలాలని యూరోపియన్ యూనియన్ 2025 జూన్ నుంచి నియమం పెట్టింది. కొత్త ఫోను వివరాల్లో ఈ అంకె ఉందేమో చూడండి, కెమెరా అంకెల కన్నా ఎక్కువ కాలం పనికొస్తుంది.

ప్రశ్న: 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ కొన్నాను. నా ఫోను బ్యాటరీ 5,000. రెండుసార్లు నిండాలి కదా, ఒకటింపావుసారికే ఖాళీ అవుతోంది. మోసపోయానా? (ఒక ప్రయాణికుడు)

జవాబు: మోసం కాదు, సగం చెప్పిన నిజం. ఆ పదివేలు లోపలి బ్యాటరీ వోల్టేజీ, అంటే సుమారు 3.7 వోల్టుల దగ్గర లెక్కించినవి. రెండింటినీ గుణిస్తే 37,000 మిల్లీవాట్ అవర్లు, అంటే 37 వాట్ అవర్లు. లోపల దాచిన మొత్తం శక్తికి ఇదే కొలత. అది 5 వోల్టులకు మారి, వైరులో ప్రయాణించి, ఫోనులో మళ్లీ బ్యాటరీ వోల్టేజీకి దిగేసరికి ప్రతి మలుపులోనూ కొంత వేడిగా పోతుంది. చివరికి ఫోనుకు చేరేది మామూలుగా మూడింట రెండు వంతులు, అంటే పాతిక వాట్ అవర్ల లోపు. మీ ఫోను బ్యాటరీ 19 వాట్ అవర్లు ఉంటుంది. ఇప్పుడు భాగించి చూడండి, దాదాపు మీ ఒకటింపావే వస్తుంది. పవర్ బ్యాంక్ వెనక భూతద్దం పెట్టి చదవవలసిన అక్షరాల్లో ‘రేటెడ్ కెపాసిటీ’ అని ఆరువేల చిల్లర అంకె ఒకటి ఉంటుంది. కొనేటప్పుడు చూడవలసినది దాన్నే. విమానయానానికి కూడా వాట్ అవర్లే ముఖ్యం: 100 దాటకపోతే సాధారణంగా ముందస్తు అనుమతి లేకుండా వెంట తీసుకువెళ్లవచ్చు, చేతిసంచిలో మాత్రమే.

ప్రశ్న: 128 జీబీ పెన్‌డ్రైవ్‌ను కంప్యూటర్‌కు పెడితే 119 చూపిస్తోంది. మిగతా తొమ్మిది ఏమయ్యాయి? (ఒక విద్యార్థి)

జవాబు: ఎక్కడికీ పోలేదు. తయారీదారు జీబీ అంటే నూరు కోట్ల బైట్లు, విండోస్ జీబీ అంటే 107 కోట్ల పైచిలుకు. సరుకు ఒకటే, కొలపాత్రలు రెండు.

ప్రశ్న: 50 మెగాపిక్సెల్ కెమెరా ఫోను ఒకటి, 108 మెగాపిక్సెల్ ది ఒకటి చూశాను. రెండోదే కొనాలా? (ఒక ఉద్యోగిని)

జవాబు: ఆ అంకెను చూసి మాత్రం కొనకండి. 108 మెగాపిక్సెల్ కెమెరాలు మామూలుగా తొమ్మిదేసి పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెల్ ఫొటోనే ఇస్తాయి. 50 మెగాపిక్సెల్ వి నాలుగేసి కలిపి దాదాపు అంతే ఇస్తాయి. విడివిడిగా చూస్తే ఆ పిక్సెళ్లు మరీ చిన్నవి, మసక వెలుతురులో ఒక్కోదానిలో పడే కాంతి చాలదు కాబట్టే ఈ కలపడం. కాంతిని పట్టే సెన్సర్ ఎంత పెద్దది, చేయి వణికినా సర్దుకునే ఆప్టికల్ స్థిరీకరణ ఉందా లేదా అన్న రెండు సంగతులు అడగండి. వీలైతే రెండు ఫోన్లతోనూ దీపాల వెలుగులో, కదులుతున్న పసివాణ్ని ఫొటో తీయండి, తేడా అక్కడ తెలుస్తుంది. ఒకవేళ పాత ఫోనులో ఫొటోలు పొగమంచులా వస్తున్నాయన్నదే మీ బాధ అయితే, ముందు మెత్తని గుడ్డతో లెన్స్ తుడిచి చూడండి. నాకు ఫోను చూపించి సలహా అడిగినవారిలో ఇద్దరికి ఆ గుడ్డే సరిపోయింది.

ప్రశ్న: నా ఫోనుకు ఆరేళ్లు నిండాయి. కొంచెం మందగించినా పని చేస్తోంది. అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి మార్చక తప్పదని మా అబ్బాయి పోరుతున్నాడు. బాగున్న వస్తువును పారేయడానికి మనసొప్పడం లేదు. (పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు)

జవాబు: మాస్టారూ, మీ మనసూ సరైనదే, మీ అబ్బాయి మాటా సరైనదే. మందగించడానికి కారణం కొన్నిసార్లు ముసలిదైన బ్యాటరీ. అవసరమైనంత కరెంటు ఒక్కసారిగా ఇవ్వలేక ఫోను ఆరిపోతుందని, కొన్ని పాత ఐఫోన్ల వేగాన్ని తామే తగ్గిస్తున్నట్టు ఆపిల్ 2017 డిసెంబరులో అంగీకరించింది. చెప్పకుండా చేసినందుకు విమర్శలు పడ్డా, బ్యాటరీ మారిస్తే వేగం తిరిగి వస్తుందన్న విషయం దానితోనే లోకానికి తెలిసింది. కాబట్టి మందగమనం ఒక్కటే బాధ అయితే ముందు కొత్త బ్యాటరీ వేయించి చూడండి.

అప్‌డేట్ల విషయం అలా కాదు. కొత్త రంగులు, కొత్త హంగులు తెచ్చే అప్‌డేట్లు రాకపోయినా లోటు లేదు. కాని భద్రతా లోపాలను పూడ్చే ప్యాచ్‌లు ఆగిపోయిన ఫోనులో, బయటపడిన ప్రతి లోపమూ అలాగే తెరిచి ఉంటుంది, దాని వివరాలు దొంగలకూ అందుబాటులో ఉంటాయి. సెట్టింగ్స్‌లో ‘సెక్యూరిటీ ప్యాచ్’ ఎదురుగా ఉన్న తేదీ చూడండి. అది ఏడాదికి పైగా పాతదైతే, బ్యాంకు లావాదేవీలనూ, ముఖ్యమైన పాస్‌వర్డ్‌లనూ ఆ ఫోను నుంచి తప్పించండి. సంగీతం వినడానికీ, అలారానికీ, చదువుకోవడానికీ అది ఇంకా ఎన్నేళ్లయినా పనికొస్తుంది. మరో ఫోను కొనేటప్పుడు మాత్రం ఎన్నేళ్ల ప్యాచ్‌లు ఇస్తారో ముందే అడగండి. 2023లో వచ్చిన పిక్సెల్ 8కు గూగుల్, 2024లో వచ్చిన గెలాక్సీ ఎస్24కు సామ్‌సంగ్ ఏడేసి సంవత్సరాలు మాట ఇచ్చాయి. ఆ ఏడేళ్లు ఫోను విడుదలైన నాటి నుంచి మొదలవుతాయి గాని మీరు కొన్న నాటి నుంచి కాదు. రెండేళ్ల నాటి మోడల్‌ను చవకగా వస్తోందని తీసుకుంటే ఐదే మిగులుతాయి.

ప్రశ్న: యూఎస్‌బీ-సీ కేబుళ్లు ఇంట్లో నాలుగున్నాయి. అన్నీ ఫోనుకు పడతాయి, అన్నిటితోనూ ఛార్జ్ అవుతుంది. కాని ఫొటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించబోతే రెండింటితో కంప్యూటర్ అసలు ఫోనునే గుర్తించడం లేదు. పోర్ట్ పాడైందా? (ఒక పాఠకుడు)

జవాబు: మిగతా రెండింటితో గుర్తిస్తోంది కనుక పోర్ట్ క్షేమమే. ఆ రెండింటి లోపల విద్యుత్తును మోసే తీగలు తప్ప సమాచారాన్ని మోసేవి లేకపోవచ్చు, లేదా ఎక్కడో తెగి ఉండవచ్చు. యూఎస్‌బీ-సీ అన్నది మూతి ఆకారానికి పేరే తప్ప వేగానికి కాదు. పైకి అచ్చం ఒకేలా ఉన్న కేబుళ్లలో ఒకటి సెకనుకు 480 మెగాబిట్లతో సరిపెడితే, మరొకటి 40 గిగాబిట్లు మోయగలదు. పని చేయని రెండింటి మెడకు ఒక నల్లదారం ముడివేసి ఛార్జింగ్‌కే ఉంచుకోండి.