ప్రార్థిస్తానని చెప్పి మర్చిపోతున్నాను

ప్రశ్న: సంఘంలో ఎవరైనా కష్టం చెప్పుకుంటే ‘మీ కోసం ప్రార్థన చేస్తానండీ’ అనేస్తాను. ఇంటికెళ్లాక సగం పేర్లు గుర్తుండవు. గుర్తున్నా ‘ప్రభువా, దీవించు’ అనడం తప్ప ఏం అడగాలో తెలియదు. ఇది మోసమేనా?

జవాబు: మోసం కాదు. కానీ మీ మాట నమ్ముకుని ఒకరు ఆ రాత్రి కాస్త ధైర్యంగా పడుకుంటారు, అందుకే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. నేనైతే వాళ్లు ఒప్పుకుంటే అక్కడే, చెప్పులేసుకునే గుమ్మం దగ్గరైనా సరే, రెండు నిమిషాలు ప్రార్థించి, తర్వాత బైబిల్లో పెట్టుకునే కాగితం మీద పేరు రాసుకుంటాను. ఆ కాగితం మడతల దగ్గర చిరిగిపోయింది, కొన్ని పేర్లు మాత్రం ఇంకా కొట్టేయలేదు.

ఏం అడగాలంటారా? కొలొస్సయులకు రాసిన పత్రిక 1:9-11 చదవండి. తన ముఖమైనా చూడని ఆ విశ్వాసుల కోసం పౌలు దేవుని చిత్తం తెలుసుకునే జ్ఞానాన్ని, బలాన్ని, ఓర్పును అడిగాడు. అక్కడ ‘మీరు’ అని ఉన్నచోట మీ స్నేహితుల పేర్లు పెట్టి అడగండి, చాలు. విశ్వాసం చాలట్లేదని టెన్షన్ పడొద్దు, అపొస్తలుల కార్యములు 12లో చెరసాలలో ఉన్న పేతురు కోసం ప్రార్థిస్తున్నవాళ్లే, అతను విడుదలై వచ్చి తలుపు తడుతున్నాడని రొదే అనే పనిపిల్ల చెబితే నమ్మలేదు!

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నా, మీకొక్కరికే చెప్పిన సంగతిని ‘ప్రార్థన అంశం’ అంటూ పదిమందికి చేరవేయకండి, దానివల్ల మనసు విరిగి సంఘానికే దూరమైనవాళ్లను చూశాను. వారం తర్వాత ఫోన్ చేసి ‘ఇప్పుడెలా ఉంది?’ అని అడగండి.