పల్లెటూరి క్లినిక్‌లో పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్‌కి పేషెంట్లని ఒప్పించేదెలా?

టెక్కలి దగ్గర పల్లెలో కొత్తగా క్లినిక్ పెట్టాను, యాభై దాటినవాళ్లని మోషన్ టెస్ట్ (మలంలో కంటికి కనిపించని రక్తం ఉందేమో చూసే పరీక్ష) చేయించుకోమంటే నవ్వేసి వెళ్లిపోతున్నారు, ఏం చెయ్యాలి అని అడిగారు కదా. నేను చీపురుపల్లి వైపు చాలా ఏళ్లుగా ప్రాక్టీస్ చేస్తున్నా, మన జిల్లాల జనం దాదాపు ఒకటే కాబట్టి నా దగ్గర పనిచేసినవి చెప్తాను.

ముందు ఒక విషయం, స్క్రీనింగ్ అంటే ఏ ఇబ్బందీ లేనివాళ్లకి చేసేది. మోషన్‌లో రక్తం పడుతోందని వచ్చినవాళ్లకి ఈ టెస్ట్ ఇచ్చి, నెగెటివ్ వచ్చింది ఇంక భయం లేదు అని పంపెయ్యకండి. మన దగ్గర ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇక్కడే. రక్తం పడితే మొలలే అనుకుంటారు, ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర మాత్రలు, తర్వాత ఎవరో చెప్పిన ఆకు పసరు, ఆ తర్వాత ఆపరేషన్ లేకుండా పైల్స్ నయం అని గోడ మీద పోస్టర్ చూసి అక్కడికి, ఇలా నెలలు గడిచిపోయి బరువు సగం తగ్గాక మన దగ్గరికొస్తారు. మన దేశంలో ఈ క్యాన్సర్ పెద్దపేగు చివరి భాగమైన రెక్టమ్‌లో ఎక్కువ కనిపిస్తుంది, అంటే చాలామందిలో అది వేలికి అందే దూరంలోనే ఉంటుంది. గ్లవ్ వేసుకుని చూడ్డానికి రెండు నిమిషాలు కూడా పట్టదు, మొహమాటపడకండి, వాళ్లనీ పడనివ్వకండి. మొలలు కనిపించినా సరే, వయసు యాభై దాటితే కొలొనోస్కోపీకి, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపలంతా చూసే పరీక్షకి రాయండి. అలాగే మగవాళ్లకి గానీ నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకి గానీ హిమోగ్లోబిన్ తక్కువ ఉంటే ఐరన్, నులిపురుగుల మాత్ర రాసేసి ఊరుకోవద్దు. జీడితోటల్లో చెప్పుల్లేకుండా తిరిగే ఊళ్లు మనవి, కొంకిపురుగు నిజంగానే ఉంటుంది, కాదనను, కానీ ఐరన్ లోపం అని తేలితే కారణం పేగులో ఉందేమో చూడాల్సిందే.

ఇక ఏ బాధా లేనివాళ్ల సంగతి. ప్రభుత్వ సర్వేలో 30 దాటినవాళ్లకి ఆశాలు, ఏఎన్‌ఎంలు చూసేది నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్లే, పెద్దపేగు అందులో లేదు. పశ్చిమ దేశాలతో పోలిస్తే మన దగ్గర ఇది తక్కువ కూడా, అందుకని ఊరంతటికీ కిట్లు పంచమని నేను అనను. నేనైతే ముందు కుటుంబంలో ఎవరికైనా వచ్చిందా అని అడుగుతాను. అమ్మ, నాన్న, తోడబుట్టినవాళ్లలో ఎవరికైనా 60 లోపు వచ్చుంటే 40 ఏళ్లకే, లేదా వాళ్లకి వచ్చిన వయసుకి 10 ఏళ్ల ముందే, ఏది ముందైతే అప్పుడు, నేరుగా కొలొనోస్కోపీ. కొడుకులు హైదరాబాదో చెన్నైయో వలసపోయుంటారు కాబట్టి ఈ మాటలు నేను సంక్రాంతికి దాచిపెట్టుకుంటాను, పండక్కి అందరూ ఇంటికొస్తారు, తల్లిని చూపించడానికి వచ్చిన కొడుకునే కూర్చోబెట్టి వయసు అడుగుతాను. మిగతా 50 దాటినవాళ్లలో బీపీకో షుగరుకో మాత్రల కోసం నెలనెలా మన దగ్గరికి వచ్చేవాళ్లతో మొదలుపెట్టండి. అమెరికాలో 2021లో ఈ వయసుని 50 నుంచి 45కి దించారు, జపాన్‌లో 1992 నుంచి 40 దాటినవాళ్లకి చేస్తున్నారు, మన పరిస్థితికి 50 చాలని నా అభిప్రాయం.

ఒప్పించడం అంటారా, డాక్టరే స్వయంగా నోటితో అడగాలి. గోడ మీద బొమ్మ పెట్టి ఊరుకుంటే ఒక్కరూ అడగరు. మా దగ్గరికి బీపీకి వచ్చే ఒక పెద్దాయన, "ఏటి బావూ, దొడ్డికెల్లింది డబ్బాలో ఎట్టి తెమ్మంతావేటి, ఊల్లో నవ్వరేటి? నాకే రోగం నేదు గదా" అన్నాడు. రోగం లేదు కాబట్టే చేస్తున్నాం బాబాయ్, పేగు లోపల పులిపిరి లాంటిది మొలుస్తుంది, కొందరిలో అది క్యాన్సర్‌గా మారడానికి పదేళ్ల దాకా పడుతుంది, ఈలోపు కంటికి కనిపించనంత రక్తం కారుతుంటుంది, అది దొరికితే ఆ పులిపిరిని అక్కడే తీసేస్తారు అని చెప్పాను. ఆయన ఇంకా నసుగుతున్నాడు, పక్కనున్న వాళ్లావిడ కిట్టు లాక్కుని "నాను తెప్పిత్తాను బావూ, నువ్వు ఎలా తియ్యాలో సెప్పు" అంది. అప్పట్నుంచి మగవాళ్లకి ఈ మాట భార్య పక్కన ఉన్నప్పుడే చెప్తున్నా. క్యాన్సర్ అన్న మాట దాచొద్దు, కానీ మొదటి వాక్యంలోనే ఆ మాట పడేస్తే తర్వాత మనం చెప్పేదేదీ వాళ్ల చెవికెక్కదు.

కొలొనోస్కోపీ ఒక్కటే దారి అని పట్టుబట్టకండి. అమెరికాలో 2012లో వచ్చిన ఒక స్టడీలో కొలొనోస్కోపీ మాత్రమే చేయించుకోమన్నవాళ్లలో 38 శాతం మందే చేయించుకున్నారు, మోషన్ టెస్ట్ ఇచ్చినవాళ్లలో 67 శాతం, రెండిట్లో ఏదైనా సరే అన్నవాళ్లలో 69 శాతం. మన పల్లెల్లో ఆ తేడా ఇంకా ఎక్కువే ఉంటుందనుకుంటాను. కిట్ తెప్పించేటప్పుడు ఫిట్ టెస్టా, అంటే ఇమ్యునోకెమికల్ పద్ధతా అని అడిగి తీసుకోండి. పాత పద్ధతికి మాంసం మానాలి, దీనికి పథ్యం లేదు, మనిషి రక్తాన్నే పట్టుకుంటుంది. ఒక్కసారి చేస్తే అయిదు క్యాన్సర్లలో సుమారు నాలుగు దొరుకుతాయి, అందుకే ఏటా చెయ్యాలి.

కిట్ చేతికిచ్చి ఇంటికి తీసుకెళ్లు అంటే తిరిగి రాదు, విప్పి చూపించాలి. మన మరుగుదొడ్లలో మలం నీళ్లలో పడిపోతుంది కాబట్టి పాత పేపరు పరుచుకుని దాని మీద వెళ్లమనండి. మూతకి ఉన్న పుల్లతో నాలుగైదు చోట్ల పైపైన గీకాలి, పుల్ల చివర ఉన్న గాట్లు నిండితే చాలు, ముద్దగా తియ్యక్కర్లేదు, ట్యూబులో పెట్టి మూత బిగించెయ్యాలి. అంతేనా అని అప్పుడు తేలికపడతారు, వాళ్ల ఊహలో డబ్బా నిండా తేవాలేమో అని ఉంటుంది. ట్యూబు నల్ల కవర్లో పెట్టి ఇవ్వండి, సిగ్గు పడేవాళ్లకి ఆ కవరే పెద్ద సాయం. నెలసరిలో గానీ మొలల రక్తం కారుతున్నప్పుడు గానీ తియ్యొద్దని చెప్పండి. వేసవిలో వేడికి శాంపిల్‌లో రక్తం పాడైపోయి తప్పుగా నెగెటివ్ వస్తుంది, పొద్దున్న తీసింది పొద్దున్నే తెమ్మనండి. ఉభాల రోజుల్లో, అంటే వరినాట్లప్పుడు అడగొద్దు, ఎవరికీ తీరిక ఉండదు, నూర్పులు అయ్యాక అడగండి. తీసుకెళ్లినవాళ్ల పేర్లు నోట్‌బుక్‌లో రాసి వారం లోపల రాకపోతే మా సిస్టర్ ఫోన్ చేస్తుంది, చాలామంది ఆ ఫోన్‌తోనే తెస్తారు.

పాజిటివ్ వస్తే అది క్యాన్సర్ అని కాదు, ఎక్కువమందిలో కాదు కూడా, కానీ కొలొనోస్కోపీ దాకా తీసుకెళ్లలేకపోతే ఈ టెస్ట్ చేసి లాభం లేదు. ఫలానా రోజు, ఫలానా చోట, తోడు ఎవరు, ముందురోజు ఏం తాగాలి, అన్నీ ఒకే కాగితం మీద తెలుగులో రాసివ్వండి. మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం పక్కనే కాబట్టి ఇది గట్టిగా చెప్తున్నా, పేగు శుభ్రం చేసే మందుల్లో సోడియం ఫాస్ఫేట్ ఉన్నవి కిడ్నీ పేషెంట్లకి ఇవ్వకూడదు, లెటర్‌లో క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) ఎంతుందో రాసి పీఈజీ (పాలిఎథిలీన్ గ్లైకాల్) పొడి మాత్రమే అని కింద గీత గీయండి. అన్నట్టు ఉద్దానంలో చదువురాని ముసలమ్మకి కూడా క్రియాటినిన్ అంటే తెలుసు, రక్తం తీస్తామంటే చెయ్యి చాపుతుంది, మన జనానికి టెస్ట్‌లంటే భయమన్న మాట నేను ఒప్పుకోను. ఒకవేళ క్యాన్సరే అని తేలితే విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా ఆస్పత్రి ఉంది. ఆరోగ్యశ్రీ 2007లో మొదట మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి, కార్డు సంగతి మనవాళ్లకి చెప్పక్కర్లేదు, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో ఉంది, వెళ్లేటప్పుడు పట్టుకెళ్లమనండి చాలు.

వద్దన్నవాళ్లని తిట్టొద్దు, బీపీ పుస్తకంలో వద్దన్నారని తేదీ వేసి మూణ్ణెల్ల తర్వాత మళ్లీ అడగండి. రెండోసారి ఒప్పుకున్నవాళ్లు నా దగ్గర చాలామంది, అప్పుడూ ఒప్పుకోనివాళ్లు కూడా రక్తం కనిపించిన రోజున పోస్టర్ చూసి ఎక్కడికో పోకుండా నేరుగా మన దగ్గరికే వస్తారు.