బ్లాగు రాసే అమ్మాయి పత్రికలకూ రాయాలా?

ప్రశ్న: మాది మంగళగిరి. మా అమ్మాయి బీఏ రెండో సంవత్సరం. తెలుగులో బ్లాగు రాస్తోంది, రైటర్ అవుతానంటోంది. పత్రికలకు పంపమంటే ‘ఇప్పుడు అవెవరు చదువుతారు నాన్నా’ అంటుంది. రెండింటికీ అంత తేడా ఉందా? దీన్ని నమ్ముకుని బతకగలదా? మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు పంపిన మీ అమ్మాయి బ్లాగు పోస్టులన్నీ చదివాను. వాళ్ల అమ్మమ్మ మగ్గం దగ్గర అచ్చు అతకడం (పాత పడుగు, అంటే నిలువు పోగులకు, కొత్తవి కలపడం) గురించి రాసినది రెండుసార్లు చదివాను. వేళ్లకు బూడిద అద్దుకుని, మగ్గం మీది పాత పడుగు కొసకు కొత్త పోగును మెలిపెట్టే తీరు కళ్లకు కట్టింది. కానీ అది మూడో పేరాలో ఉంది. మొదటి రెండు పేరాలూ ‘నేటి ఆధునిక యుగంలో చేనేత’ గురించి. ఏ సబ్‌ఎడిటరైనా ముందు ఆ రెండూ కొట్టేస్తాడు. బ్లాగులో కొట్టేసేవాళ్లు లేరు. నా దృష్టిలో అసలు తేడా ఇదే.

బ్లాగు మంచిదే. రాసిన గంటలో పాఠకుడి మాట వినిపిస్తుంది, తప్పు దొరికితే రాత్రికే దిద్దుకోవచ్చు, వారం వారం రాసే అలవాటు పడుతుంది. పత్రికలో నెలల తరబడి ఎదురుచూపు, చెప్పిన పదాల్లోనే ముగించాలన్న షరతు, పేజీ చాలకపోతే కోత. అచ్చయ్యాక ఒక్క అక్షరం మార్చలేం. అందుకే పంపేముందు పదిసార్లు చూసుకుంటాం. మీ అమ్మాయికి ఇప్పుడు కావలసింది ఆ భయమే.

ఒక విషయం ముందే చెప్పండి. పత్రికలు కథతోపాటు హామీపత్రం అడుగుతాయి: సొంత రచన అనీ, ఎక్కడా ప్రచురితం కాలేదనీ. బ్లాగులోనో ఫేస్‌బుక్‌లోనో పెట్టినదాన్ని కూడా చాలా పత్రికలు ప్రచురితం కిందే లెక్కిస్తాయి. మంచి కథంతా బ్లాగులో పెట్టేసి తర్వాత బాధపడే పిల్లల్ని చూస్తుంటాను.

ఇక బతుకు సంగతి. 2018 నుంచి తెలుగు పేజీలకూ గూగుల్ యాడ్‌సెన్స్ ప్రకటనలు వస్తున్నాయి గానీ, ఆ డబ్బుతో ఇల్లు గడుస్తుందని నేను చెప్పలేను. కథకు పత్రిక ఇచ్చే పారితోషికంతోనూ గడవదు. జీతం వచ్చేది రాత చుట్టూ ఉన్న ఉద్యోగాల్లో: పత్రికల డెస్కు, వెబ్‌సైట్లకు కంటెంట్ రైటింగ్, అనువాదం, వీడియోలకు స్క్రిప్టు. డిగ్రీ మాత్రం మాన్పించకండి. ఈనాడు వంటి పత్రికలు సొంత జర్నలిజం స్కూళ్లలో శిక్షణకు డిగ్రీ అడుగుతాయి, రాతపరీక్ష పెడతాయి, శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇస్తాయి. ఆ పరీక్షల్లో ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదం తప్పకుండా ఉంటుంది. రోజుకో ఇంగ్లిష్ వార్త తీసుకుని తెలుగు చేయమనండి. ఇంటర్వ్యూలో బ్లాగు కూడా పనికొస్తుంది, తన రాత చూపించుకోవడానికి అంతకన్నా సులువైన దారి లేదు.

ఈ సెలవుల్లో అమ్మమ్మ పక్కన మళ్లీ కూర్చోమనండి. ఒక్క అచ్చుకు ఎన్ని పోగులు అతుకుతుందో, ఎన్ని గంటలు పడుతుందో, కూలి ఎంతో, మెడ ఎప్పుడు పట్టేస్తుందో అడిగి కొత్తగా రాయమనండి. అది ఏదైనా ఆదివారం అనుబంధానికి పంపాలి. జవాబు వచ్చేదాకా బ్లాగులో పెట్టొద్దు.