ఇంటి పాలసీని నమ్ముకుని కెమెరా బయటికి తీసుకెళ్లకండి

ఒడిశాలోని రాయగడలో ఇంటికి భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీ తీసుకున్నాను, పార్వతీపురం, విజయనగరం పెళ్లిళ్లకు రైల్లో తీసుకెళ్లే కెమెరా, లెన్సులకు అదే సరిపోతుందా అని అడిగారు కదా తమ్ముడూ. సరిపోదు.

ఆ పాలసీ ముఖ్యంగా అగ్నిప్రమాదం, తుఫాను, వరద లాంటి వాటికి. దొంగతనం అందులో ఉంది కానీ, అలాంటి ప్రమాదం జరిగిన 7 రోజుల్లోపు, దాని కారణంగా జరిగితేనే. మామూలు రోజున తాళం పగలగొట్టి ఎత్తుకుపోతే పైసా రాదు.

మీకు కావాల్సింది దేశమంతా వర్తించే 'ఆల్ రిస్క్' కవర్, అంటే దొంగతనం, పడి పగలడం లాంటివాటికి కూడా పనికొచ్చే బీమా. డబ్బు తీసుకుని పెళ్లిళ్లు తీస్తానని ప్రపోజల్ ఫారంలో స్పష్టంగా రాయించండి. ప్రీమియం పెరుగుతుందని ఏజెంటు వద్దన్నా వినకండి. ఆ మాట దాస్తే క్లెయిమ్ రోజున ముందు పట్టుకునేది అదే. కారులో వదిలిన సామాను గురించి ఏం రాశారో, అరుగుదల కింద ఎంత కోస్తారో కూడా చదవండి.

కెమెరా బాడీ అడుగున, ప్రతి లెన్సు మీద ఉండే సీరియల్ నంబర్లను ఇవాళే ఫొటో తీసి, బిల్లులతో కలిపి మీకు మీరే మెయిల్ చేసుకోండి.

రైల్లో కెమెరా దొంగతనమైతే ఒడిశా కేసా, ఆంధ్రా కేసా అని టెన్షన్ పడొద్దు. దిగిన స్టేషన్‌లో రైల్వే పోలీసుల దగ్గర జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే కేసు) అడగండి, సంబంధిత స్టేషన్‌కు వాళ్లే పంపాలి. కంపెనీకి ఆ రోజే రాతపూర్వకంగా చెప్పండి. క్లెయిమ్ అన్యాయంగా కొట్టేస్తే, ముందు కంపెనీకి ఫిర్యాదు పెట్టి, అక్కడ తేలకపోతే భువనేశ్వర్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు, అంటే బీమా ఫిర్యాదులు తేల్చే అధికారికి, రాయండి. దానికి ఫీజు లేదు.